‘చందమామ’ను వదలని చేతులు

కనిగిరి: పని నేర్చుకునేదాకా ఉంటాడు, చెయ్యి తిరగగానే సంచి సర్దుకుంటాడు. ఫ్లెక్సీలు వేసే దుకాణమైనా, పెళ్లి ఆల్బములు తయారుచేసే స్టూడియో అయినా, శుభలేఖల ప్రెస్సయినా, జాకెట్ల మీద మగ్గం పని చేయించే టైలరు షాపయినా యజమానులు చెప్పుకునే కష్టం ఇదే. బొమ్మ, రంగు, అక్షరం తెలిసిన కుర్రవాడు ముందు ఒంగోలు వెళతాడు. అక్కడినుంచి హైదరాబాదు, బెంగుళూరు. వానల్లేక, పనుల్లేక వలసపోయేవాళ్లను చూడడం ఈ మెట్టప్రాంతానికి అలవాటే. ఇది ఆ వలస కాదు. చేతినిండా పని ఉండగానే పోవడం.

పోతే పోనివ్వండి, పిల్లలు బాగుపడితే మంచిదేగదా అనవచ్చు. మంచిదే. అయితే వెళ్లినచోట కూడా వీళ్లు నిలవడం లేదు. పట్నాల్లో ప్రకటనలు తయారుచేసే కంపెనీల్లో ఏడాదికో రెండేళ్లకో చోటు మారడం మామూలు సంగతి. అక్కడి యజమానులదీ ఇదే గోడు. జీతం చాలక పోతున్నారని కొందరు అంటారు. ఎంత ఇచ్చినా ఆగరు, ఈ కాలపు పిల్లలే అంతని మరికొందరు అంటారు.

ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చడానికి పనికివచ్చే ఆఫీసు ఒకటి ఉండేది. మద్రాసులో. ఆ ఆఫీసునుంచి నెలనెలా వచ్చిన పుస్తకాన్ని మన ఊళ్లలో ఇవాళ తాతలు, అమ్మమ్మలు అయినవాళ్లలో చాలామంది చిన్నప్పుడు చేతులు మార్చుకుంటూ చదివారు. అదే ‘చందమామ’.

28, 54, 60

లెక్క చూడండి. పత్రిక 1947 జూలైలో మొదలైంది. కథలు దిద్దే బాధ్యత కొడవటిగంటి కుటుంబరావు 1952లో తీసుకున్నాడు. 1980 ఆగస్టులో చనిపోయేదాకా ఆ పని చేశాడు. 28 ఏళ్లు. దాసరి సుబ్రహ్మణ్యం కూడా 1952లోనే చేరాడు. 2006దాకా ఉన్నాడు. 54 ఏళ్లు. బొమ్మల శంకర్ 1950లలో మొదట్లోనే చేరి, పత్రిక ఆగిపోయే రోజులదాకా గీశాడు. ఇంచుమించు 60 ఏళ్లు. మరో చిత్రకారుడు ‘చిత్ర’ మొదటి ఏడాదినుంచి 1978లో కన్నుమూసేదాకా అక్కడే.

వీళ్లెవరూ వేరే పని దొరకక కూర్చున్నవాళ్లు కాదు. ఆ కాలపు మద్రాసులో తెలుగు పత్రికలున్నాయి, తమిళ పత్రికలున్నాయి, వాటన్నిటికంటే ఎక్కువ డబ్బిచ్చే సినిమా పరిశ్రమ పక్క వీధిలోనే ఉంది. అయినా కదల్లేదు.

కుటుంబరావు సంగతే తీసుకుంటే, అంతకుముందు ఆయన ఏ కొలువులోనూ కుదురుగా ఉన్న మనిషి కాదు. ఊళ్లూ ఉద్యోగాలూ మార్చుకుంటూ వచ్చినవాడు. 43వ ఏట ఒకచోట కుదిరి, మిగిలిన జీవితమంతా అక్కడే గడిపాడంటే మనిషి మారాడనుకోవాలా, చోటు మంచిదనుకోవాలా? చోటుదే ఎక్కువ పాలు అనిపిస్తుంది.

తనకంటే బాగా రాసేవాణ్ణి పిలిచాడు

‘చందమామ’ను పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు బి. నాగిరెడ్డి, కడప జిల్లా మనిషి. అచ్చుపని, యంత్రాలు, రంగులు, లెక్కలు ఆయన చూసుకునేవాడు. రెండోవాడు చక్రపాణి. అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. తెనాలి ఐతానగరం. క్షయ జబ్బుతో మదనపల్లె శానిటోరియంలో పడి ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని, శరత్‌బాబు నవలలను తెలుగు చేసిన మనిషి. అంటే కథ మంచిచెడ్డలు తెలిసినవాడు. తానే రాయగలడు, తానే దిద్దగలడు.

అటువంటివాడు మరో తెనాలి మనిషిని, అప్పటికే కథకుడుగా తనకంటే పెద్దపేరున్న కుటుంబరావును తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. మనలో ఎంతమంది యజమానులు ఇది చేయగలరు? తనకంటే పనిలో గట్టివాడు వస్తే దుకాణంలో తన మాట చెల్లదేమోనని జంకేవాళ్లే ఎక్కువ.

ప్రకటనల వ్యాపారంలో ప్రపంచమంతా చెప్పుకునే డేవిడ్ ఓగిల్వీ 1948లో న్యూయార్కులో కంపెనీ పెట్టాడు. ఆయన తన డైరెక్టర్ల కుర్చీల ముందు ఒక్కో చెక్కబొమ్మ పెట్టించాడట. ఆ బొమ్మ తెరిస్తే లోపల ఇంకో చిన్నబొమ్మ, అది తెరిస్తే ఇంకా చిన్నది. చిట్టచివరి బొమ్మలో ఒక చీటీ. తమకంటే చిన్నవాళ్లనే పనిలో పెట్టుకుంటూ పోతే కంపెనీ మరుగుజ్జుల కంపెనీ అవుతుంది, తమకంటే పెద్దవాళ్లను పెట్టుకుంటే మహాకాయుల కంపెనీ అవుతుందని దాని సారాంశం. తెనాలి చక్రపాణి బొమ్మలు పంచిపెట్టలేదు. కుటుంబరావును పిలిచాడు, అంతే.

పిలిచి ఊరుకోకుండా పనిని ఆయన చేతికి వదిలిపెట్టాడు. పాఠకులు పంపే కథలను కుటుంబరావు కూర్చుని తిరగరాసేవాడు. ఏడేళ్ల పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా చదువుకోగలిగేలా చిన్న వాక్యాలు, వాడుక మాటలు. కొత్త ఊహ బాగుండి రాత బాగుండని కథను పారేయకుండా, ఊహ నిలిపి రాత మార్చేవాడు. ఇక్కడ తయారైన తెలుగు కథే తక్కిన భాషలకు వెళ్లేది. పత్రిక పన్నెండుకు పైగా భాషల్లో వచ్చిన సంగతి చాలామందికి తెలిసిందే. తెనాలి వాడుకభాషలో పుట్టిన వాక్యం హిందీలో, మరాఠీలో, ఒరియాలో పిల్లల చేతుల్లోకి పోతున్నదంటే రాసినవాడికి అంతకంటే ఏం కావాలి?

నమ్మకం వేరు, పని వేరు

ఇందులో ఒక విశేషం ఉన్నది. కుటుంబరావు హేతువాది. మార్క్సిజం వైపు మొగ్గినవాడు. 1970లో విప్లవ రచయితల సంఘం పుట్టినప్పుడు అందులో ఉన్నవాడు. యజమానులేమో పౌరాణికాలు, జానపదాలు సినిమాలుగా తీసే వ్యాపారస్థులు. పత్రికనిండా దేవుళ్లు, రాక్షసులు, బేతాళుడు. ఇద్దరికీ లంకె కుదరదనిపిస్తుంది.

కుదిరింది. ఆఫీసులో పిల్లల కథలు దిద్దినాయనే ఇంటికి వెళ్లి తన కథలు, నవలలు, సైన్సు వ్యాసాలు, సినిమా వ్యాసాలు తన ఇష్టప్రకారం రాసుకున్నాడు. ఆ రాతల్లో ఉన్న అభిప్రాయాలు యజమానులకు నచ్చాయో లేదోగాని, వాటికోసం ఆయన ఉద్యోగం పోలేదు. పనిగంటల తర్వాత పనివాడు ఏం చేస్తున్నాడు, ఏ పార్టీ సభలో కనిపించాడు, ఎవరి పెళ్లికి వెళ్లాడు అని ఆరా తీసే యజమానులున్న ఊళ్లలో ఇది చిన్నవిషయం కాదు. మన ఊళ్లలో అయితే ఎన్నికల రోజుల్లో ఫ్లెక్సీ డిజైను చేసే కుర్రవాడిది ఏ వర్గమన్నది కూడా చర్చకు వస్తుంది.

దాసరి సుబ్రహ్మణ్యం కూడా అంతే. గుంటూరు జిల్లావాడు. ఆయన ఆలోచన ఎర్రజెండా వైపు. కలంనుంచి వచ్చినవేమో మాంత్రికులు, రాకాసిలోయలు, పాతాళదుర్గాలు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకర దేవత’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వరసగా రాసుకుంటూ పోయాడు. ఆ సీరియల్ తరువాయి భాగం కోసం పోస్టుమాన్ దారి కాసిన పిల్లలు మన పల్లెల్లోనూ ఉన్నారు.

అందరికీ ఒకే కొలబద్ద కాదు

బొమ్మల విషయానికి వస్తే, ఆ ఆఫీసు తెలివి ఇంకా బాగా తెలుస్తుంది. అప్పటికే చిత్ర ఉన్నాడు. పత్రికకు ఒక రూపం తెచ్చినవాడు. అటువంటిచోట కొత్తగా ఇంకొక గట్టి చిత్రకారుణ్ణి తెస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పాతవాడు అలుగుతాడు, కొత్తవాడు తొక్కాలని చూస్తాడు. ఏడాది తిరక్కుండా ఇద్దరిలో ఒకరు బయటికి.

శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. తమిళుడు. మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌదరి కాలంలో చదువుకున్నాడు. ఆయన వచ్చాక చిత్ర స్థానం కదల్లేదు. దాసరి సీరియళ్లకు చిత్ర గీశాడు. ఆ భల్లూకాలు, రెక్కల మనుషులు, సముద్రపు రాక్షసులు ఆయన సొంత ఊహ. శంకర్‌కు పురాణాలు, ఇతిహాసాలు బాగా కుదిరాయి. భుజాన శవం, చేతిలో కత్తి, వెనక శ్మశానంతో నడిచిపోయే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. బేతాళ కథ అనగానే ఇవాళ్టికీ కళ్లముందుకు వచ్చేది ఆ బొమ్మే. ఎవరి తోట వారిది. గట్టు తగాదా లేదు.

అట్టమీద బొమ్మలు ఏళ్ల తరబడి వేసిన వడ్డాది పాపయ్య కథ వేరు. అప్పటి విశాఖ జిల్లా కశింకోటలో ఉండేవాడు. డ్రాయింగు మాస్టరు. మద్రాసు వచ్చి కుర్చీలో కూర్చుంటేనే పని ఇస్తామని ఎవరూ అనలేదు. ఉన్న ఊళ్లోనే గీసి పంపాడు. ఆ రంగులు, ఆ ఆడవాళ్ల చీరకట్టు, ఆ పల్లెటూరి వెలుతురు కశింకోటలో కూర్చుని గీసినవి గనుకే అలా వచ్చాయేమో. ఇంటినుంచే పని అన్నది 2020లో కరోనాతో వచ్చిన కొత్త సంగతి అనుకుంటున్నాం. వపా బొమ్మలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే పోస్టులో ప్రయాణం చేశాయి.

ఈ యజమానులే నడిపిన విజయా సినిమా సంస్థలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘పాతాళభైరవి’ (1951) రోజుల్లో ఎన్.టి. రామారావుతో సహా పలువురిని నెలజీతం మీద ఒప్పందానికి తీసుకున్నారు. సినిమా ఆడినా ఆడకపోయినా ఒకటో తారీఖు జీతం వస్తుందన్న ధైర్యం ఉన్నప్పుడు మనిషి బుర్ర పనిమీద ఉంటుంది. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు, కెమెరా పట్టిన మార్కస్ బార్‌ట్లే, కళ చూసిన మన గుంటూరు జిల్లా మాధవపెద్ది గోఖలే, ఇటువంటివాళ్లు సినిమా తర్వాత సినిమాకు మళ్లీ మళ్లీ కలిసి పనిచేశారు. ‘మాయాబజార్’ (1957) ఒక్కరోజులో ఊడిపడింది కాదు.

పేరు లేని చోటు

అంతా బంగారమేనా అంటే కాదు. ‘చందమామ’లో బొమ్మ కింద సంతకం ఉండేది. చిత్ర, శంకర్, వపా అన్న పేర్లు పిల్లలకు కూడా తెలుసు. రాసేవాళ్లకు ఆ భాగ్యం లేకపోయింది. సంపాదకుడుగా అచ్చయింది చక్రపాణి పేరు, ఆయన 1975లో పోయాక నాగిరెడ్డి పేరు. వేలాది పేజీలు దిద్దిన కుటుంబరావు పేరు ఆ పేజీలో లేదు. సీరియల్ చదివి ఊగిపోయిన పిల్లలకు అది రాసింది దాసరి సుబ్రహ్మణ్యమని తెలియదు. ఆ పిల్లలు పెద్దవాళ్లయి, తలలు నెరిశాక గాని ఆ పేరు వెతికి పట్టుకోలేకపోయారు. ఆయన సీరియళ్లు పుస్తకాలుగా అందరి చేతికీ రావడం చాలా ఆలస్యంగా జరిగింది. 2010 జనవరిలో ఆయన చనిపోయాడు.

అదే ఆయనకు 1954లోనే పేరు వేసి ఉంటే? నలుగురూ పిలిచి ఎక్కువ డబ్బిచ్చి పట్టుకుపోయేవారు, అందుకే వేయలేదు అనేవాళ్లు ఉండవచ్చు. ఈ వాదన మన దుకాణాల్లోనూ వింటున్నదే. పేరు బయటికి తెలిస్తే కుర్రవాడు చేజారిపోతాడని భయం. కాని సంతకం పెట్టుకున్న శంకర్ 60 ఏళ్లు ఉన్నాడుగదా. పేరు దాచినందువల్ల దాసరి ఉండలేదు, మిగతావన్నీ బాగున్నందువల్ల ఉన్నాడు. పేరు దాచడం మాత్రం ఆ మంచి ఆఫీసు చేసిన అన్యాయమే.

రెండో లోపం, అదంతా ఇద్దరు మనుషుల మీద నిలబడింది. చక్రపాణి పోయాక కూడా చాలాకాలం నడిచింది నిజమే. 1998లో వివాదాల మధ్య పత్రిక ఆగింది. ఏడాదికి పైగా మూతపడి 1999 చివర మళ్లీ వచ్చింది. నాగిరెడ్డి 2004లో కన్నుమూశాడు. 2007లో బొంబాయికి చెందిన జియోడెసిక్ అనే కంప్యూటరు కంపెనీ పత్రికను కొన్నది. కొత్త యజమానుల దగ్గర డబ్బుంది, కంప్యూటర్లున్నాయి. అయినా 2013 నాటికి ‘చందమామ’ రావడమే ఆగిపోయింది. ముసలి శంకర్ మరికొన్నాళ్లు ఇంట్లో కూర్చుని గీసుకున్నాడు. 2020 సెప్టెంబరులో చనిపోయాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది.

మిరపచేలో తెలిసిన సంగతే

ఇదంతా మద్రాసు మాట, మనకెందుకు అనుకోనక్కరలేదు. కుటుంబరావు ఆ ఆఫీసులో చేరిన 1952లో కనిగిరి కూడా మద్రాసు రాష్ట్రంలోనే, నెల్లూరు జిల్లా తాలూకాగా ఉండేది. దూరం ఏమంత ఎక్కువ కాదు.

మిరపకోతల కాలంలో ఏ రైతు చేలోకి కూలీలు పిలవకుండా వస్తారో ఊళ్లో అందరికీ తెలుసు. రూపాయి ఎక్కువ ఇచ్చేవాడి చేలోకే అందరూ పోరు. సాయంత్రానికి లెక్క తేల్చి కూలి చేతిలో పెట్టేవాడు, తూకంలో పేచీ పెట్టనివాడు, మంచినీళ్లకు అరమైలు నడిపించనివాడు, నలుగురి ముందు నోరు జారనివాడు పిలిస్తే వస్తారు. మరుసటి ఏడాది కూడా వస్తారు. కాయ కోసే చేతికి ఎంత మర్యాద కావాలో బొమ్మ గీసే చేతికీ అంతే కావాలి. ఇంకొంచెం ఎక్కువే, ఎందుకంటే మనసు చెదిరితే కాయ తెగుతుందిగాని బొమ్మ రాదు.

బజారులో జరుగుతున్నది చూడండి. పెళ్లివారు వస్తారు. ఫ్లెక్సీలో మేనమామ ఫొటో చిన్నదైందంటారు. పెంచుతాడు. బావగారు వచ్చి ఎరుపు వద్దు పసుపు పెట్టమంటాడు. మారుస్తాడు. రాత్రి పదిగంటలకు ఇంకొకాయన ఫోను చేసి మొదటిదే బాగుందంటాడు. ముగ్గురు మూడు మాటలు చెబుతుంటే యజమాని గల్లా దగ్గర కూర్చుని ‘వాళ్లు చెప్పినట్టు చెయ్యరా’ అంటాడు. కుర్రవాడి అభిప్రాయం ఎవరూ అడగరు. చక్రపాణి దగ్గర ఇటువంటి పని నడవదు. మార్పు చెప్పేవాడు ఒక్కడుండాలి, వాడికి పని తెలిసి ఉండాలి. పెళ్లివారిలో ఒకరి మాటే వింటామని ముందే చెప్పి, అడ్వాన్సు రసీదు మీదే ఎన్నిసార్లు మారుస్తామో రాసుకుంటే సగం గొడవ పోతుంది. ఖాతాదారు పోతాడని భయపడనక్కరలేదు. మంచి డిజైనరు పోతే ఖాతాదారులు ఎలాగూ వెంట పోతారు.

ఇంకొక మాట. ఫ్లెక్సీలు వచ్చాక గోడలమీద అక్షరాలు రాసే ఆర్టిస్టుల పని పడిపోయింది. సినిమా బోర్డులు, ఎన్నికల గుర్తులు, బస్సుల వెనక రాతలు వేసిన ఆ చేతులు కొన్ని మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. కంప్యూటరు రాదు గనుక వాళ్లను ఎవరూ పిలవడం లేదు. అక్షరం నిలబెట్టడం, రంగు పక్కన రంగు పెట్టడం వాళ్లకు తెలిసినంతగా ఈ కుర్రవాళ్లకు తెలియదు. వారానికొక పూట అటువంటి పెద్దాయనను దుకాణంలో కూర్చోబెట్టుకుంటే, కుర్రవాడికి ఇక్కడ నేర్చుకోవడానికి ఏదో ఉందనిపిస్తుంది. నేర్చుకునేది అయిపోయిందనుకున్న రోజే కదా సంచి సర్దేది. పెద్దాయనకూ నాలుగు రూపాయలు వస్తాయి.

ఫ్లెక్సీ కింద మూలన దుకాణం పేరు, ఫోను నెంబరు వేయడం అందరూ చేస్తున్నదే. ఆ పక్కనే చిన్న అక్షరాలతో డిజైను చేసినవాడి పేరు వేయడానికి అదనంగా పైసా ఖర్చు లేదు. మగ్గం పని చేసే ఆడపిల్లల విషయంలోనూ అంతే. నెలరోజులు కళ్లు చెదిరేలా కుట్టిన జాకెట్టు మీద షాపు లేబులు ఉంటుంది, కుట్టినామె పేరు పెళ్లికూతురికి కూడా తెలియదు.

పాత ‘చందమామ’ సంచికలు చాలావరకు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. బొమ్మల సరదా ఉన్న పిల్లలు ఇంట్లో ఉంటే సెల్‌ఫోన్లోనే తెరిచి చూపించవచ్చు. 1950లు, 60ల సంచికలు తీసి, బొమ్మ కింద మూలన సంతకం చిత్రదో శంకర్‌దో వెతకమనండి. కొన్ని సంచికలు చూసేసరికి సంతకం చూడకుండానే ఏది ఎవరిదో వాళ్లే చెప్పేస్తారు.